మంచు వాళ్ళది, పదును మనది

వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ "చూద్దాం లెండి" అని తప్పుకోబోయాను. వాళ్ళు వదలలేదు. ఇంతకు ముందు మనవాళ్ళు ఏమేం రాశారో తెలుసుకుందామని పాత సంచికలు కొన్ని ముందేసుకొని కూర్చున్నాను. వ్యాసాల సంగతి అటుంచండి. గేయాలూ, కవితలూ వరుసగా చదివిన తర్వాత నాకొక సందేహం పట్టుకుంది. ఇవి కదిరి చుట్టుపక్కల పల్లెల పిల్లలు రాసినవేనా?

కోయిలలున్నాయి. మావి చిగుళ్ళున్నాయి. గోదావరి మీద పడవలున్నాయి. ఒకరిద్దరు కవుల గుండెల మీద ఏకంగా హిమపాతమే జరిగింది. చెనక్కాయ చేను మాత్రం ఒక్కటి లేదు. గొర్రెల మంద లేదు. ఎండిపోయిన బోరు లేదు. కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అంటూ మన ఊరి పేరు వేరుశనగ విత్తనాల మూటలమీద ఎక్కడెక్కడికో పోయింది గాని, మన కవితల్లోకి మాత్రం రాలేదు.

నవ్వుకోబోయి ఆగిపోయాను. ఎందుకంటే నేనూ చదువుకునే రోజుల్లో ఇదే పని చేశాను. నా మొదటి కవిత కూడా మంచు మీదే. "హిమం" అని పేరు పెట్టాను. విఫలప్రేమ, తెల్లటి మౌనం, గడ్డకట్టిన కన్నీరు, అన్నీ ఉన్నాయి అందులో. అచ్చయిన సంచిక తీసుకొని ఇంటికి పోతే మా అవ్వ చదివి వినిపించమంది. ఆమెకు చదువు రాదు. చేటలో కొర్రలు చెరుగుతూ మొత్తం విన్నది. విని, "బాగుండాది నాయనా, మంచు బాగా పడిందని చెప్పినావు గదా, మరి ఉలవలు బాగా కాసినాయా?" అని అడిగింది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. కవిత్వమంటే ఏమిటో అవ్వకేం తెలుసు అనుకున్నాను. తెలియనిది అవ్వకు కాదు, నాకేనని అర్థం కావటానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు నిజంగా మంచులో బతికే మనుషుల సంగతి చూద్దాం. యూరపు ఖండానికి ఉత్తరపు కొసన, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా దేశాల పై అంచుల్లో సామీలనే ఆదివాసులున్నారు. ఒకప్పుడు బయటివాళ్ళు వాళ్ళను "లాప్"లు అనేవాళ్ళు. ఆ మాటను వాళ్ళు అవమానంగా భావిస్తారు. రెయిన్ డీర్ అనే ధ్రువపు జింకల మందల వెంట తిరగటం వాళ్ళలో చాలామందికి తరతరాల వృత్తి. మన కురుబవాళ్ళు గొర్రెల మందల వెంట తిరిగినట్టే అనుకోండి. ఉత్తరపు కొసకు పోయేకొద్దీ శీతకాలంలో వారాల తరబడి సూర్యుడు పైకే రాడు.

1673లో యోహానెస్ షెఫెరస్ అనే ఉప్సాలా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లాటిన్ భాషలో "లాపోనియా" అనే పుస్తకం వేశాడు. అందులో రెండు సామీ ప్రేమగీతాలున్నాయి. వాటిని ఆయనకు చెప్పింది ఎవరనుకున్నారు? ఓలాస్ సిర్మా అనే సామీ విద్యార్థి. మీలాగే ఇల్లొదిలి చదువుకోవటానికి వచ్చిన పిల్లవాడు. అతను చెప్పిన రెండు పాటలూ తర్వాత ఇంగ్లీషు, జర్మను భాషల్లోకి పోయాయి. జర్మనీలో హెర్డర్ తన జానపద గేయ సంకలనంలో చేర్చుకున్నాడు. అమెరికా కవి లాంగ్‌ఫెలో వాటిలో ఒకదాని పల్లవిని తన కవితలో వాడుకున్నాడు. ఒక విద్యార్థి తన ఊరి పాటను సిగ్గుపడకుండా చెప్పటం వల్ల ఇంత జరిగింది.

ఆ రెండింటిలో ఒకటి శీతకాలపు పాట. ప్రియురాలి దగ్గరకు పోతున్న యువకుడు, బండి లాగుతున్న తన జింకతో మాట్లాడుతుంటాడు. దారి దూరం, తొందరగా పద అని దాన్ని బతిమాలుకుంటాడు. గమనించారా? మన కవితల్లో మంచు అంటే ఎడబాటు, గడ్డకట్టిన గుండె, చావు. ఆ పాటలో చలికాలమంటే కలయిక. కారణం చాలా మామూలుది. అక్కడ వేసవిలో నేలంతా చిత్తడి, చెరువులు, బురద. బండి నడవదు. చలికాలంలో ఆ చెరువులన్నీ గడ్డకట్టి రహదారులవుతాయి. అంటే మంచు వాళ్ళకు గోడ కాదు, బాట. మంచును దూరం నుంచి బొమ్మల్లో చూసినవాడికి ఇది తట్టదు. దానిమీద నడిచినవాడికే తెలుస్తుంది.

ఇక్కడ మరో మాట కూడా చెప్పుకోవాలి. ఎస్కిమోలకు మంచుకు వందల పదాలున్నాయని మన క్లాసు రూముల్లో తరచు వింటుంటాం. అది చిలవలు పలవలుగా పెరిగిన కథ. 1911లో ఫ్రాంజ్ బోయస్ అనే పండితుడు ఉదాహరణకు నాలుగు పదాలు చెప్పాడు. అవి చేతులు మారుతూ మారుతూ వందలయ్యాయి. లెక్క మాట వదిలేసి పదాలు చేసే పనిని చూస్తే అసలు ఆశ్చర్యం అక్కడుంది. సామీ భాషలో "గువోహ్తున్" అని ఒక మాట ఉంది. మంచు కింద ఉన్న మేత జింకకు అందే స్థితిని ఆ మాట చెప్తుంది. మంచు లోతెంత, గట్టిదెంత, జింక కాలితో తవ్వగలదా లేదా, కింద మేత ఉందా లేదా, ఇదంతా ఒక్క మాటలో ఉంది. "చువోహ్కి" అని ఇంకో మాట ఉంది. మంచు మీద వాన పడి, అది పెంకులాగా గడ్డకట్టి, మేతను మూసేసిన స్థితి అది. ఆ మాట వింటే కాపరి గుండె గుభేలంటుంది. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో నడి చలికాలంలో వానలు పడి, ఆ ఆపద ఎక్కువవుతున్నదని శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. వాళ్ళకంటే ముందు ఆ మాట తెలిసిన కాపరులకు అది అర్థమయింది.

ఈ మాటల గురించి చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది మన "పదును".

పదును అంటే ఏమిటో పట్నం మిత్రుడొకరికి చెప్పటానికి నేను చాలా అవస్థ పడ్డాను. తేమ అంటే చాలదు. తడి అంటే అసలే కాదు. గొర్రు దిగాలి, మట్టి గొర్రుకు అంటుకోకూడదు, విత్తనం మొలవాలి, మురిగిపోకూడదు. వానా, మట్టీ, ఇనుమూ, గింజా, రైతు ధైర్యమూ ఒక్కచోట కలిసిన స్థితి పదును. మనవాళ్ళు వానను అంగుళాల్లో కొలవరు. "ఒక పదును వాన" అంటారు. "అరపదునే, ఇంకో జల్లు కావాల" అంటారు. కత్తికీ అదే మాట, నేలకూ అదే మాట. సామీల గువోహ్తున్ మంచును మేతతో కలిపి చూస్తే, మన పదును వానను విత్తనంతో కలిపి చూస్తుంది. ఎక్కడి ధ్రువప్రాంతం, ఎక్కడి కదిరి! రెండు చోట్లా కష్టకాలమే మనుషులకు ఇంత సూక్ష్మంగా చూడటం నేర్పింది.

సామీలు ఏడాదిని నాలుగు భాగాలు కాదు, ఎనిమిది భాగాలు చేసుకుంటారు, జింకల బతుకును బట్టి. మన పెద్దలు ఇరవై ఏడు కార్తెలు చేసుకున్నారు. రోహిణికి రోళ్ళు పగులుతాయి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుంది. ఇవి సామెతలని పరీక్షల కోసం బట్టీపట్టాం గాని, ఒక్కొక్కటీ ఒక్కొక్క బొమ్మ అని ఎప్పుడైనా ఆలోచించామా? ఏ కావ్యంలోని ఋతువర్ణనకు తీసిపోతుంది ఆ ముసలి ఎద్దు?

అసలు మన కావ్యాలు కూడా ఈ విషయంలో మనం అనుకున్నంత గాలిలో తేలేవి కావు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షఋతువును వర్ణిస్తూ మేఘాలతో ఆగిపోలేదు. తడిసిన కట్టెలూ, అంటుకోని పొయ్యీ, ఇల్లంతా పొగా, అవస్థపడే ఇల్లాలూ, పొలం కాపలాలోని రైతూ అందులో ఉన్నారు. సామ్రాజ్యం ఏలినవాడికి పొయ్యి కనిపించింది. పొయ్యి దగ్గర పుట్టిన మనకు కోయిల మాత్రమే కనిపిస్తోంది!

మన ప్రాంతపు పాటల దగ్గరికి వద్దాం. ఇసుర్రాయి దగ్గర పాడేవి, రోకటి పాటలు, కలుపు తీస్తూ పాడేవి, సంక్రాంతి ముందు చలి పొద్దున గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడేవి. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పుతూ పాడేవి. ఊళ్ళో విరాటపర్వం చదివిస్తే వాన వస్తుందనే నమ్మకం మన తెలుగుదేశమంతటా ఉంది. ఈ పాటల్లో వాన ఎక్కడో మబ్బుల్లో ఉండే అందం కాదు. రావలసిన మనిషి. బాకీ ఉన్న మనిషి. బతిమాలవచ్చు, నిష్ఠూరమాడవచ్చు, ఎగతాళి చేయవచ్చు. కప్ప ఊరేగింపులో పిల్లల కేకలు విన్నవాళ్ళకు తెలుస్తుంది, అందులో ఏడుపు కంటే అల్లరే ఎక్కువని. కరువులో కూడా నవ్వగలగటం చిన్న విషయమా?

కాని బయటినుంచి చూసేవాళ్ళకు మనలో కనిపించేది ఎప్పుడూ ఏడుపే. ఇది కొత్త కాదు. పల్నాడు వెళ్ళిన శ్రీనాథుడు అక్కడి జొన్న తిండినీ, రాళ్ళనీ వెక్కిరించాడని చెప్పే చాటువులు మనకు తెలుసు. సన్నన్నం తినే నోటికి మెట్టనేల అలాగే కనిపిస్తుంది. ఇప్పుడు పత్రికల్లో, సినిమాల్లో రాయలసీమ అంటే బీటలు వారిన నేల బొమ్మ ఒకటి, లేకపోతే కత్తులు, బాంబులు. మూడోది లేదు. మన పిల్లలు కూడా ఆ బొమ్మనే నిజమని నమ్మి, అందులో తమకు కవిత్వం దొరకదని, గోదావరి గట్టుకు పోయి కూర్చుంటున్నారు.

దీనికి సమాధానం మన ప్రాంతంవాడే ఎప్పుడో చెప్పాడు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 1956లో "పెన్నేటి పాట" ప్రచురించాడు. నీళ్ళు లేని ఏటి మీద కావ్యం! ఏరు అనగానే పడవలూ, వెన్నెలా గుర్తొచ్చే తెలుగు కవిత్వంలో ఆయన ఇసుకను నిలబెట్టాడు. రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల బతుకును నిలబెట్టాడు. అందులో దుఃఖం లేదని కాదు. ఉంది. కాని అది జాలి పుట్టించటానికి చూపించిన దుఃఖం కాదు. ఇది మా ఏరు, ఎండినా మా ఏరే అని చెప్పే గొంతు అది. అంతకంటే ఎన్నో తరాల ముందు వేమన చేసిందీ ఇదే. మనకు కూతవేటు దూరంలో కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. ఉప్పూ, కుక్కా, గాడిదా, రాయీ, ఇంట్లో వీధిలో కనిపించేవాటితోనే ఆయన లోకానికంతా చాలినంత చెప్పాడు.

ఇంతవరకు చదివిన మిత్రులెవరైనా ఒక ప్రశ్న వేస్తే నేను సంతోషిస్తాను. "అయ్యా, చలికాలంతో కరువును పోల్చటం న్యాయమేనా? చలి ప్రకృతి ఇచ్చింది. కరువు కూడా అంతేనా? కరువును అందమైన ఉపమానాలు చేసి పాడుకుంటూ కూర్చుంటే, దానికి బాధ్యులైనవాళ్ళు చల్లగా తప్పించుకోరా?"

ఇది సరైన ప్రశ్న. నా పోలిక ఇక్కడ ఆగిపోతుందని ఒప్పుకుంటాను. అనంతపురం ప్రాంతంలో సగటున పడే వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మబ్బులను ఆపేస్తాయి. ఈశాన్యపు మబ్బులు ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. అంతవరకు అది ప్రకృతి. కాని తక్కువ వాన వేరు, కరువు వేరు. 1876–78 నాటి ధాత కరువులో జనం చచ్చింది వాన లేక మాత్రమే కాదు. దేశంలో ధాన్యం ఉన్నా, ఆకలిగొన్నవాడి దగ్గరకు చేరక. మన పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటుంది. చెరువు ఎలాంటి చోట కట్టాలో, మంచి చెరువు లక్షణాలేమిటో, దోషాలేమిటో అందులో వరుసగా చెప్పారు. ఆరున్నర శతాబ్దాల క్రితం ఈ నేల మీద నీళ్ళను నిలబెట్టటం తెలిసినవాళ్ళున్నారు. ఆ చెరువుల్లో ఎన్ని పూడిపోయాయో, ఎన్ని కాలవలు కబ్జా అయ్యాయో మీమీ ఊళ్ళకు పోయి చూసుకోండి. తర్వాత కొర్ర, సజ్జ, ఆరిక పోయి, నేలంతా చెనక్కాయ ఒక్కటే అయింది. పూత పూసి ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే, నేల గట్టిపడి ఊడ దిగదు. చేను పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. అప్పు చేసి బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. ఇంటికి తాళం వేసి బెంగుళూరుకో, కేరళకో పోవాలి. ఇది మబ్బుల తప్పు మాత్రమేనా?

అందుకే నేననేది ఏమంటే, చలి దేవుడిది, కరువు సగం మనిషిది. ఆ సగాన్ని పాట దాచిపెట్టకూడదు. అయితే, ఆ సగాన్ని ఎత్తి చూపటానికి కూడా మన మాటలే కావాలి. "ఊడ దిగలేదు" అనే మాటలో ఉన్న ఆవేదన "శోకతప్త ధరిత్రి" అంటే వస్తుందా? పైకి పచ్చగా కనిపిస్తూ కింద కాయ లేని చేను కంటే గట్టి ప్రతీక ఈనాటి మన బతుకులకు ఇంకేది దొరుకుతుంది? చదువులకూ, ఉద్యోగాలకూ, వాగ్దానాలకూ అన్నిటికీ సరిపోతుంది. ప్రతీక మన చేలోనే ఉంటే మనం దాన్ని హిమాలయాల్లో వెతుకుతున్నాం.

మాట పోతే ఏం పోతుందని కొందరంటారు. సామీలకు ఆ సంగతి బాగా తెలుసు. "జోయిక్" అనే వాళ్ళ పాటను మతబోధకులు పాపమన్నారు. చాలాచోట్ల బడుల్లో పాడనివ్వలేదు. తమ పాట తమకే సిగ్గయిపోయిన తరాలు గడిచాయి. ఆ తర్వాత నిల్స్-ఆస్లాక్ వాల్కెయాపా అనే కవి వచ్చాడు. జింకల కాపరుల కుటుంబంలో పుట్టినవాడు. ఆ జోయిక్‌నే ఎత్తుకున్నాడు. తన భాషలోనే రాసి 1988లో వెలువరించిన పుస్తకానికి 1991లో నార్డిక్ కౌన్సిల్ సాహిత్య బహుమతి వచ్చింది. 1994లో నార్వేలో జరిగిన ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో లోకమంతా చూస్తుండగా జోయిక్ పాడాడు. నిషేధించిన పాటకే ఆ దేశం ఎర్రతివాచీ పరిచింది. కాని మధ్యలో పోయిన పాటలు పోయినట్టే. వాటిని తిరిగి తెచ్చేవాళ్ళు లేరు.

మన దగ్గర ఎవరూ నిషేధించలేదు. మనమే మరిచిపోతున్నాం. ఇసుర్రాయి పోయింది, దానితోపాటు దాని పాట పోయింది. గొర్రు పోయి ట్రాక్టరు వచ్చింది. జడ్డిగంలో గింజలు పోస్తూ సాలు వెంట నడిచే ఆడవాళ్ళ పాటకు ఇప్పుడు చోటు లేదు. ట్రాక్టరు వద్దని నేననను. మా అవ్వ నడుము పడ్డ బాధ నాకు తెలుసు. పని పోవటం మంచిదే. దానితోపాటు చూపు కూడా పోనక్కరలేదు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు, ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ముసలవ్వ పక్కన ఒక సాయంత్రం కూర్చోండి. అందరి చేతుల్లోనూ సెల్ ఫోన్లున్నాయి. ఒక్క పాట ఎక్కించుకోండి. ఒక పది మాటలు రాసుకోండి. జల్లుకూ, సోనకూ, ముసురుకూ, జడికీ తేడా ఏమిటో అడగండి. అరపదును అంటే ఏమిటో అడగండి. తెలుగు శాఖవారు పూనుకొని వాటిని ఒక పుస్తకంగా కూర్చితే మరీ మంచిది. వచ్చే ఏటి సంచికలో నాలుగు పేజీలు వాటికి కేటాయించమని సంపాదకులను ఇప్పుడే అడుగుతున్నాను. ఓలాస్ సిర్మా కూడా విద్యార్థే అన్న సంగతి మరిచిపోవద్దు.

కోయిల మీద రాయవద్దని నేను చెప్పటం లేదు. మీరు విన్న కోయిల అయితే రాయండి. మంచు మీద కూడా రాయండి. మనకూ మంచుంది. మార్గశిరంలో తెల్లవారుజామున చేలమీద పలుచగా దిగి, కంబళి కప్పుకొని మంద దగ్గర పడుకున్న కాపరి తల తడిపి, పొద్దెక్కేసరికి పోయే మంచు. వాన ముఖం చూడని మెట్టచేలో ఉలవ తీగ తాగి బతికేది ఆ మంచునే అని మన పెద్దల మాట.

మా అవ్వ అడిగింది ఆ మంచు గురించి. ఆమె దృష్టిలో మంచంటే చావు కాదు, గడ్డకట్టిన కన్నీరు కాదు. వాన లేని నేలకు తెల్లవారుజామున ఎవరో తెచ్చి పోసిన గుక్కెడు నీళ్ళు. నా కవిత మొత్తంలో లేని కవిత్వం ఆమె ఒక్క ప్రశ్నలో ఉంది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె పాడిన పాటల్లో నాకు పూర్తిగా వచ్చినది ఒక్కటీ లేదు. తునకలు, తునకలుగా గుర్తున్నాయి, అంతే.

మీ అవ్వలు ఇంకా ఉన్నారు.